మల్లయ్య నాడి కార్డు

మా పెద్దమ్మ పోయిన ఆసుపత్రి గచ్చిబౌలి దాటాక ఉంది. ఆమె మంచం తలవైపు ఒక తెర ఉండేది. అందులో గుండె వేగం, రక్తపోటు, ఆక్సిజన్ అంకెలు రంగురంగుల్లో మారుతూ ఉండేవి. గంటకొకసారి ఒక అమ్మాయి వచ్చి ఆ అంకెలు చూసి కాగితం మీద రాసుకుని వెళ్లేది. మంచి అమ్మాయే. దుప్పటి సరిచేసేది, "అమ్మమ్మా, నొప్పి ఉందా?" అని అడిగేది. కానీ ఆ ఆరు రోజుల్లో ఆమె గాని, మరెవరు గాని పెద్దమ్మ మణికట్టు పట్టుకుని నాడి చూడలేదు. చూడాల్సిన అవసరమూ లేదు, యంత్రం క్షణం కూడా మానకుండా చూస్తోంది. నేను నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని, నాకు ఆ సంగతి తెలుసు. అయినా ముప్పై ఏళ్లకు పైగా వార్డుల్లో పరాయివాళ్ల నాడి లెక్కపెట్టిన మనిషి చెయ్యి అలా ఎవరూ పట్టుకోకుండా దుప్పటి మీద పడి ఉండడం చూడలేకపోయాను. నేను పట్టుకోవచ్చు. రెండు మూడుసార్లు ఆ చేతిదాకా వెళ్లి ఆగాను. ఎందుకు ఆగానో చెప్పాలంటే కొత్తగూడ ఇంటి సంగతి చెప్పాలి. ఇన్నాళ్లూ దాన్ని ఎక్కడా రాయలేదు.

అప్పటికి కొత్తగూడ ఇంకా ఊరే. హైటెక్ సిటీ అన్న మాట పేపర్లలో వస్తోంది, రోడ్డు పనులు జరుగుతున్నాయి, అటువైపు గుండ్రటి భవనం ఒకటి అంతస్తు మీద అంతస్తు లేస్తోంది. రాళ్లు పేల్చే ముందు ఒకతను ఎర్రగుడ్డ పట్టుకుని విజిల్ ఊదుతూ రోడ్డు మీద నడిచేవాడు. విజిల్ వినగానే మా ఇంటి యజమానురాలు యాదమ్మ పరుగున వచ్చి, చెరుగుతున్న బియ్యం మీద చీర కొంగు కప్పేది. కాసేపటికి నేల అదిరేది, ఇంకాసేపటికి సన్నటి దుమ్ము వచ్చి అన్నిటి మీదా వాలేది. ఆ ఇంట్లో వెనకవైపు రెండు గదులు మా కిరాయి వాటా. తెనాలి నుంచి వచ్చిన నాకు ఆ రాళ్లూ ఆ నీళ్ల ట్యాంకర్లూ మొదట్లో నచ్చలేదు. నగరంలో నర్సింగ్ స్కూల్లో సీటు వచ్చింది కాబట్టి, పెద్దమ్మ ప్రభుత్వ ఆసుపత్రిలో వార్డు సిస్టరు కాబట్టి, అమ్మ నన్ను ఆమె దగ్గరికి పంపింది. పెద్దమ్మ అమ్మకి అక్క. పెళ్లయిన మూడేళ్లకే భర్త పోతే, అందరూ వద్దన్నా నర్సు ట్రైనింగులో చేరింది. నగరానికి అంత దూరంలో ఎందుకుంటున్నావని ఎవరైనా అడిగితే, "ఇక్కడ గాలి బాగుంటుంది" అనేది. దుమ్ము తుడుచుకుంటూనే ఆ మాట అనేది.

ఆమె డ్యూటీ నుంచి వచ్చాక నేరుగా ఇంట్లోకి అడుగు పెట్టేది కాదు. పెరట్లో నేను వేడినీళ్లు తోడి ఉంచాలి. తెల్లచీర విడిగా బకెట్లో నానబెట్టి, మోచేతుల దాకా సబ్బు రాసుకుని, స్నానం చేసి, అప్పుడే గడప దాటేది. ఎంత కడిగినా ఆమె చేతుల దగ్గర స్పిరిట్ వాసన కొంచెం మిగిలేది. ఆ వాసనతోనే అన్నం కలిపేది. గోళ్లు ప్రతి ఆదివారం కత్తిరించుకునేది, నావి కూడా చూసేది. టీ పంచదార లేకుండా తాగేది. కథల పుస్తకాలు ఎంత రాత్రయినా చదివేది గాని, చదువుతూ ఏడ్చేవాళ్లంటే ఆమెకి నమ్మకం లేదు. నాకూ ఆ అలవాటే వచ్చింది.

నా ఫార్మకాలజీ చదువు సగం ఆమె కత్తిపీట ముందే జరిగింది. తను వంకాయలు తరుగుతూ, తలెత్తకుండా అడిగేది.

"డిజాక్సిన్ ఇచ్చే ముందు?"

"నాడి చూడాలి."

"ఎంతసేపు?"

"నిండా నిమిషం."

"పావు నిమిషం చూసి నాలుగుతో గుణిస్తే? లెక్కల్లో గట్టిదానివేగా."

"కుదరదు పెద్దమ్మా. ఆ మాత్ర వేసుకునేవాళ్ల గుండె ఒక తీరున కొట్టుకోదు. ఈ పావు నిమిషంలా వచ్చే పావు నిమిషం ఉండదు."

"అరవై కంటే తగ్గితే?"

"మాత్ర ఆపాలి. డాక్టరుకి చెప్పాలి."

"ఫరవాలేదు ఇచ్చెయ్ అన్నాడనుకో?"

"మీరే వచ్చి చూసుకోండి అంటాను."

"అలా అన్నావంటే మర్నాటి నుంచి నీకు బెడ్‌పాన్ల డ్యూటీయే. 'సార్, నా లెక్క తప్పేమో, ఒక్కసారి మీరూ చూడండి' అను. ఆయన పరువూ ఉంటుంది, రోగి ప్రాణమూ ఉంటుంది."

ఇలాగే అన్ని మందులూ. ఇన్సులిన్ సూది వేసేముందు భోజనం పళ్లెం వచ్చిందో లేదో చూడాలి. బీపీ మాత్ర వేసుకునేవాణ్ని గబుక్కున లేవనివ్వకూడదు. ఆస్పిరిన్ తీసుకునేవాళ్లని విరేచనం రంగు అడగడానికి సిగ్గుపడకూడదు. నీరు తీసే మాత్ర వేసుకునేవాడికి ఒంట్లో పొటాషియం కూడా పోతుంది, అది తగ్గితే డిజాక్సిన్ మామూలు మోతాదులోనే విషమవుతుంది, అందుకే అరటిపండు తినమనాలి. మాత్ర నోట్లో వేస్తే సగం పనే అయినట్టనీ, వేశాక ఆ మనిషిని కనిపెట్టి ఉండడం మిగతా సగమనీ ఆమె ఉద్దేశం. ఆ రెండో సగం ఎవరికీ కనపడదని కూడా చెప్పేది.

యాదమ్మ భర్త మల్లయ్య మా ఇద్దరికీ ఇంట్లోనే ఉన్న రోగి. నేను తాతా అని పిలిచేదాన్ని గాని, అరవై దాటి ఎన్నో ఏళ్లు కాలేదు. పొడుగు మనిషి, ఒకప్పుడు చెరువు కింద వరి పండించినవాడు. గుండె పెద్దదై, కాళ్లకి నీరు పట్టి, నాలుగడుగులు వేస్తే ఆయాసపడేవాడు. పెద్దమ్మే తన ఆసుపత్రికి తీసుకెళ్లి చూపించింది. డిజాక్సిన్ ఒకటి, నీరు తీసే మాత్ర ఒకటి రాశారు. నెల తిరిగేసరికి కాళ్ల వాపు తీసి, గేటు దాకా నడిచి, పేల్చుడు విజిల్ ఊదేవాడితో ముచ్చట పెట్టేంతవాడయ్యాడు. డిజాక్సిన్ వారానికి అయిదు రోజులే, శని ఆదివారాలు వద్దని డాక్టరు చెప్పాడు. అప్పట్లో మన దగ్గర అలా ఇవ్వడం మామూలు. ఒంట్లో మందు పేరుకోకుండా ఉంటుందని.

"ఏంది సిస్టరమ్మా, శనారం ఐతారం గోలీ ఇయ్యద్దా?" అని యాదమ్మ ఆశ్చర్యపోయింది.

"వద్దండి యాదమ్మగారూ. అయిదు రోజులు వేసి రెండు రోజులు ఆపాలి."

"గట్లనా! మా ముసలోని గోలీ గూడ గా కంప్యూటర్ ఆఫీసుల నౌకరి జేస్తున్నట్టుంది. వారానికి రెండు దినాలు సెలవు!"

"గోలీకి సెలవున్నది, నీ నోటికే లేకపాయె" అన్నాడు మల్లయ్య మంచం మీది నుంచి.

పెద్దమ్మ చొక్కా డబ్బా అట్ట ఒకటి కత్తిరించి స్కేలుతో గీతలు గీసింది. తేదీ, నాడి, మాత్ర ఇచ్చారా లేదా, కాళ్ల వాపు, తిండి. దానికి దారం కట్టి వాళ్ల తలుపు పక్కన మేకుకి తగిలించింది. రోజూ పొద్దున మల్లయ్య పక్కన కూర్చుని, మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి, వాచీ ముల్లు ఒక చుట్టు తిరిగేదాకా లెక్కపెట్టి, అంకె రాసి, అప్పుడు మాత్ర ఇచ్చేది. ఆ అంకెలు ఎలా ఉండేవంటే, ఒకరోజు అరవై ఆరు, మర్నాడు ఎనభై ఒకటి, ఆ మర్నాడు డెబ్బై. యాదమ్మకి చదువు రాదు. అయినా రోజూ ఆ అట్ట ముందు నిలబడి చూసేది.

ఆ వేసవిలో అమ్మకి గర్భసంచి ఆపరేషన్ అయింది. నాకు పరీక్షలు దగ్గర పడ్డాయి కాబట్టి పెద్దమ్మే సెలవు పెట్టి తెనాలి వెళ్లింది. వెళ్లేముందు నన్ను అట్ట దగ్గర నిలబెట్టి, "మూడు వారాలు ఇది నీది" అంది. అంతకుమించి ఏమీ అనలేదు. అన్నీ కత్తిపీట ముందే అనేసింది.

మొదటి ఆరు రోజులు నేను నిజంగానే లెక్కపెట్టాను. అది అనుకున్నంత సులువు కాదు. ఉదయం బస్సు పోతే మళ్లీ గంటన్నరకి గాని లేదు. మల్లయ్యకేమో పొద్దున్నే మాటలు ఎక్కువ. ముప్పై ఒకటి, ముప్పై రెండు అనుకుంటుండగా, "బిడ్డా, గా గుండ్రటి బిల్డింగు మీద నీళ్లెట్ల ఎక్కిస్తరు?" అనేవాడు. లెక్క పోయేది.

"మాట్లాడకు తాతా, నా లెక్క ఆగిపోతోంది."

"నీ లెక్క ఆగితే ఏం ఫికర్ లేదు. నాది ఆగద్దు" అని నవ్వేవాడు. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేదాన్ని.

ఏడో రోజు ఆలస్యంగా లేచాను. పావు నిమిషం చూసి నాలుగుతో గుణించి రాశాను. ఎనిమిదో రోజూ అంతే. ఆ తర్వాత ఎప్పుడో, ఏ రోజో ఇప్పుడు చెప్పలేను, వేళ్లు మణికట్టు మీదే ఉన్నాయి, కళ్లు వాచీ మీదే ఉన్నాయి, కానీ మనసులో పరీక్ష ప్రశ్నలు నడిచాయి. నిమిషం అయ్యాక నా దగ్గర అంకె లేదు. డెబ్బై రెండు అని రాశాను. మాత్ర ఇచ్చాను. మర్నాడు డెబ్బై ఆరు. ఆ మర్నాడు డెబ్బై నాలుగు. ఒకే అంకె వరసగా రాయకూడదన్న జాగ్రత్త మాత్రం నాకు ఉంది. చెయ్యి పట్టుకోవడం ఒక్కరోజు కూడా మానలేదు, అది యాదమ్మ చూస్తుంది కాబట్టి.

రెండో వారం చివర్లో మల్లయ్య అన్నం వద్దనడం మొదలుపెట్టాడు. "బువ్వ సయిస్తలేదే" అని పళ్లెం పక్కకు నెట్టేవాడు. ఎండలు మండుతున్నాయి, ఇంటింటా ఎవరికో ఒకరికి కడుపులో తిప్పుతోంది. నేనూ అదే అనుకున్నాను. రెండు రోజులు వాంతులయ్యాయి. ఆ తర్వాత ఒక ఉదయం నేను వెళ్లేసరికి ఆయన ఎదురుగోడ వైపు చూస్తూ, "గోడకు పసుపెప్పుడు పూసిన్రే?" అని భార్యని అడుగుతున్నాడు. అది తెల్లసున్నం గోడ. యాదమ్మ నా వైపు తిరిగింది. "సూడు బిడ్డా, నా చీర గూడ పసుపేనట. అంత పసుపే కొడుతున్నదట. పసిరికలైనట్టున్నయి." అక్కడ కామెర్లని పసిరికలంటారు.

కామెర్లొస్తే కంటికి అన్నీ పసుపుగా కనపడతాయని మన ఇళ్లలో చిన్నప్పటి నుంచీ వింటాం. నిజానికి కామెర్లలో పసుపెక్కేది కళ్లు, ఒళ్లు. చూపు కాదు. చూపు పసుపెక్కేది, తిండి సహించనిది, వాంతులయ్యేది, నాడి మందగించేది డిజాక్సిన్ ఒంట్లో ఎక్కువైనప్పుడు. ఈ వాక్యం నా పుస్తకంలో ఉంది. దాని కింద నేనే ఎర్ర పెన్సిల్‌తో గీత గీశాను. కానీ యాదమ్మ ఆ మాట అనగానే నాకు పుస్తకం గుర్తు రాలేదు. చిన్నప్పుడు మా మేనమామకి కామెర్లొస్తే అమ్మమ్మ మజ్జిగన్నం పెట్టడం గుర్తొచ్చింది. మల్లయ్య కనురెప్ప దించి చూశాను. కన్ను తెల్లగానే ఉంది. "మొదట్లో తెలియదు" అన్నాను. ఇంకో కారణం కూడా ఉంది. తప్పు మాత్రదైతే, అట్ట మీది అంకెలు ఏమిటన్న ప్రశ్న వస్తుంది. కామెర్లయితే రాదు. ఆ క్షణంలో ఇంత స్పష్టంగా అనుకున్నానని చెప్పను. అనుకోలేదని కూడా చెప్పలేను.

మియాపూర్ అవతల ఒక పల్లెలో ఆకుమందు ఇచ్చేవాళ్లుండేవారు. మూడు పొద్దులు పరగడుపున పసరు తాగాలి, ఉప్పు లేని మజ్జిగన్నం తప్ప మరేదీ ముట్టకూడదు. అరటిపండ్లు కూడా బంద్. యాదమ్మ ఆ పసరు మందు తెచ్చిన రోజు నన్నడిగింది. "బిడ్డా, మన గోలీలు ఇయ్యాల్నా, ఆపాల్నా?"

"ఇవ్వాలి" అన్నాను. "అవి గుండెకి కదా."

నా చేత్తోనే ఇచ్చాను.

పసరు తాగిన మూడో ఉదయం పెద్దమ్మ సికింద్రాబాదులో రైలు దిగి ఇంటికి వచ్చింది. పెరట్లోకి పోతూ మల్లయ్య మంచం వైపు ఒకసారి చూసి ఆగిపోయింది. స్నానం చెయ్యకుండా, సంచి భుజం మీద ఉండగానే వెళ్లి మంచం పట్టె మీద కూర్చుని ఆయన చెయ్యి తీసుకుంది. నిమిషం చూసింది. నమ్మకం లేనట్టు రెండో చెయ్యి తీసుకుని మళ్లీ నిమిషం చూసింది.

"ముప్పై ఎనిమిది" అంది. "ఇవాళ మాత్ర ఇచ్చావా సుజాతా?"

"ఇచ్చాను."

"ఎంత ఉంటే ఇచ్చావు?"

"డెబ్బై నాలుగు."

ఆమె నా మొహం చూసింది. తర్వాత యాదమ్మతో, "ఇవి కామెర్లు కావండి. ఆటో పిలవండి, తొందరగా" అంది.

వార్డులో మల్లయ్య అయిదు రోజులున్నాడు. డిజాక్సిన్ ఆపారు, పొటాషియం ఎక్కించారు. నాడి మరీ జారినప్పుడల్లా సూది వేశారు. మొదటి రెండు రోజులు ఏమవుతుందో డాక్టరు చెప్పలేదు. పెద్దమ్మ తన డ్యూటీ అయ్యాక కూడా అక్కడే కూర్చుంది. మూడో రోజు ఆయన కళ్లు తెరిచి, "సిస్టరమ్మా, ఇయ్యాల నీ చీర తెల్లగున్నది" అన్నాడు. పెద్దమ్మ బయటికి వెళ్లి వరండాలో కాసేపు నిలబడి వచ్చింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక అట్ట తీసి లాంతరు ఉన్న బల్ల మీద పెట్టుకుని వరసగా చదివింది. "మనిషి నాడి ఇంత బుద్ధిగా ఉండదే" అంది మెల్లగా. "ఎప్పటి నుంచి?"

"ఏడో రోజు నుంచి."

తిట్టలేదు. తిడితే బాగుండేది. అట్టను ఇంట్లో దాచేస్తుందేమో అని నేను చూశాను. "ఇది వాళ్లది" అని తీసుకెళ్లి, మళ్లీ అదే మేకుకి తగిలించి వచ్చింది.

మల్లయ్య ఇంటికొచ్చిన వారానికి, డాక్టరు డిజాక్సిన్ మళ్లీ మొదలుపెట్టమన్నాడు. సగం మోతాదులో, నాడి చూసుకుంటూ. అది లేకపోతే ఆ గుండె లాక్కురాలేదన్నాడు. పెద్దమ్మ, నేను మాత్రలు తీసుకుని వాళ్ల గదిలోకి వెళ్లాం. యాదమ్మ లేచి నిలబడింది.

"వద్దు సిస్టరమ్మా. నీ మీద కోపం లేదు, నువ్వు ఆయన పానం నిలబెట్టినవ్. గా గోలీ మాత్రం మా ఇంట్లకు తేకు."

"గోలీ మంచిదేనండి. నాడి సరిగ్గా చూసుకుంటూ ఇస్తే ఏమీ కాదు."

"చూసింది గద!" అని యాదమ్మ నన్ను చూపించింది. "చిన్న సిస్టరు దినాం వచ్చి చెయ్యి పట్టె. గడియారం దిక్కు చూసుకుంటనే పట్టె. నేను కండ్లార చూసిన. గీ అట్ట మీద రాసింది. మా బిడ్డతోని సదివించిన, అన్ని డెబ్బైల మీదనే ఉన్నయట. అంత మంచిగ చూసుకుంట ఇచ్చినా గిట్లాయె. ఇగ తప్పు గోలీది గాకుంటే ఎవలది?"

పెద్దమ్మ నా వైపు తిరిగింది. కోపంగా కాదు. తరగతిలో ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగినట్టు ఆగింది. చెప్పాల్సినది ఒక్క వాక్యం. నేను లెక్కపెట్టలేదు, ఊరికే రాశాను. ఆ వాక్యం చెబితే గోలీ మీద తప్పు పోతుంది, నా మీదికి వస్తుంది. యాదమ్మ అరుస్తుంది, ఊరంతా వింటుంది, స్కూలుకి తెలుస్తుంది, నర్సు కావడం ఉండదు. పందొమ్మిదేళ్ల నాకు ఇవన్నీ చాలా పెద్దవిగా కనపడ్డాయి. వాటి పక్కన మంచం మీది మనిషి ఎంత కనపడ్డాడో నాకు గుర్తు లేదు. ఆయన మా ముగ్గురినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"బస్సు టైమైంది" అని నేను బయటికి వచ్చేశాను.

ఆ తర్వాత పెద్దమ్మ ఇంకో రెండుసార్లు ఒంటరిగా వెళ్లి అడిగింది. యాదమ్మ మజ్జిగ ఇచ్చింది గాని ఒప్పుకోలేదు. నీరు తీసే మాత్ర ఒక్కటే మిగిలింది. కాళ్ల వాపు మళ్లీ మోకాళ్ల దాకా వచ్చింది, పడుకుంటే ఊపిరాడక దిండ్లు పేర్చి కూర్చోబెట్టేవారు. మాటలు తగ్గాయి. వానలు పట్టాక, ఒక మధ్యాహ్నం, రాళ్లు పేల్చేవాడి విజిల్ వినపడుతుండగా పోయాడు. యాదమ్మ బియ్యం మీద కొంగు కప్పడానికి లేవలేదు. చెయ్యి పట్టుకుని చూసి పోయాడని చెప్పింది పెద్దమ్మే. నిండా నిమిషం చూశాకే చెప్పింది.

పెద్దమ్మ ఆ వాక్యం తనే చెప్పొచ్చు. చెబితే మల్లయ్య గోలీ వేసుకునేవాడు. రోగి ముందు అబద్ధం ఆడకూడదని నాకు నేర్పిన మనిషి ఎందుకు ఊరుకుంది? నన్ను కాపాడడానికా? లేక నేనే చెబుతానని చివరిదాకా ఎదురుచూసి, ఆలస్యం చేసిందా? ఏడాది తిరిగాక మేం మియాపూర్ మారాం. తర్వాత పాతికేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. నేను ఒక్కసారీ అడగలేదు, ఆమె ఒక్కసారీ ఎత్తలేదు. నాకు టీచరుగా మొదటి ఉద్యోగం వచ్చిన రోజు, "మొదటి పాఠం ఏం చెబుతావు?" అంది. నాడి చూడడం అన్నాను. తల ఊపి తన పుస్తకం తెరుచుకుంది. ఆమె జీవితంలో వంగిన చోటు అదొక్కటే అయితే, అది నా మూలంగా వంగింది.

ఇప్పుడు మా విద్యార్థులు తెర మీది అంకె చూసి రాస్తారు. అది అబద్ధం చెప్పదు, బస్సు పోతుందని తొందరపడదు. నాలాంటి పిల్లలకి అలాంటి యంత్రం ఉంటే మల్లయ్య బతికేవాడేమో. అందుకని పాతకాలమే మేలని నేను అనలేను. అయినా వాళ్ల చేత చేతివేళ్లతో నిండా నిమిషం లెక్కపెట్టిస్తాను, ఊరికే రాసినవాళ్లని పట్టుకుని ఆ పేపర్లో ఫెయిల్ చేస్తాను. వెనక నన్ను 'నిమిషం మేడమ్' అంటారట. ఎందుకంత పట్టుదల అని అడిగితే సిలబస్ అంటాను.

పెద్దమ్మ పోయిన తొమ్మిదో రోజున యాదమ్మ మా ఇంటికి వచ్చింది. ఎనభై దాటింది. చూపు బాగుంది, నడుం వంగింది. కొత్తగూడలో ఆ స్థలంలో ఇప్పుడు అపార్టుమెంటు ఉంది, అందులో మూడో అంతస్తులో ఉంటుంది. ఫొటో ముందు కాసేపు కూర్చుని, "దేవత అసుంటి మనిషి. నా పెనిమిటిని ఒక్కపారి యముని చేతుల నుంచి గుంజుకొచ్చింది" అని కళ్లు తుడుచుకుంది.

అప్పుడు చెప్పాను. ముందుగా అనుకోలేదు. ఆరు రోజులే లెక్కపెట్టానని, మిగతావి ఊరికే రాశానని, తప్పు గోలీది కాదని. చెప్పడానికి నిమిషం కూడా పట్టలేదు. యాదమ్మ అడ్డు రాలేదు.

"సిస్టరమ్మకు ఎర్కనా?" అంది.

"తెలుసు. నేను చెప్పాలని చూసింది. నేనే చెప్పలేదు."

"గప్పుడు జెప్తే, గోలీ ఇస్తుంటిమి."

"అవును."

"ఇస్తే ఎన్ని దినాలు ఉంటుండె?"

"ఎవరూ చెప్పలేరు యాదమ్మా."

"నువ్వు పిల్లలకు సదువు జెప్తవంట గద. అందాజ చెప్పు."

తప్పించుకునే మాటలు చాలా తెలుసు నాకు. "ఏడాది. రెండేళ్లు కూడా కావచ్చు" అన్నాను.

ఆమె వేళ్లు మడుచుకుంటూ ఏదో చూసుకుంది. "మనుమడు గా దసరకు పుట్టిండు" అంది. "ఎత్తుకుంటుండె."

ఆ మనుమడే ఆమెని కారులో తీసుకొచ్చాడు. కింద నుంచి ఫోన్ చేశాడు, ఆఫీసు మీటింగ్ ఉందని. యాదమ్మ గోడ పట్టుకుని లేచింది. నేను చెయ్యి అందించాను. ఆ చెయ్యి పట్టుకోలేదు, తోసెయ్యనూ లేదు. నెమ్మదిగా చెప్పులు వేసుకుని లిఫ్టు వైపు నడిచింది. వెళ్లొస్తానని అనలేదు.

చావు జరిగిన ఇంటి నుంచి వెళ్లేవాళ్లు ఆ మాట అనకూడదు. ఆ తొమ్మిది రోజుల్లో మా ఇంటికి వచ్చినవాళ్లెవరూ అనలేదు, అందరూ అలాగే మౌనంగా లేచి వెళ్లారు. పన్నెండో రోజు దాటాక ఆ పట్టింపు ఉండదు, మిగతావాళ్లు మళ్లీ వచ్చారు, వెళ్లొస్తామని చెప్పి వెళ్లారు. యాదమ్మ ఆనవాయితీ కోసం ఆ మాట అనలేదో, ఇక రాననుకుని అనలేదో నాకు తెలియదు. కర్మలై రెండు నెలలు దాటింది. ఆమె రాలేదు.